మాటకు తాళం వేసిన మనిషి: అలన్ ట్యూరింగ్

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం వారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు అలన్ ట్యూరింగ్. కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్లలందరికీ ఈ పేరు తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన గణిత మేధావిగా సినిమా చూసినవాళ్లకూ తెలుసు. శత్రువు వేసిన తాళాలను ఆయన ఎలా తీశాడో లోకమంతా చెప్పుకుంటుంది. ఒక ప్రభుత్వం మరో దేశంలో ఉన్న తన మనుషులతో మాట్లాడే మాటకు తాళం వేసే యంత్రాన్ని కూడా ఆయన తన చేతులతో తయారు చేశాడు. ఈ సంగతి మాత్రం చాలామందికి తెలియదు. టెలికాం రంగంలో పనిచేసే ఇంజనీరుగా నాకు ఈ రెండో కథే ఎక్కువ ఇష్టం.

ఇంకో కారణం కూడా ఉంది. ట్యూరింగ్ తల్లిదండ్రులు తెలుగు జిల్లాల్లో కాపురం చేసినవాళ్లు. వాళ్లు ఇక్కడ, పిల్లాడు సముద్రానికి అవతల. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బడుల్లో తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే ఇక్కడ పెరిగే పిల్లలు ఎంతమందో మన సార్లకు, మేడమ్‌లకు బాగా తెలుసు. వాళ్లకు ఈ కథలో తెలిసిన ముఖం ఒకటి కనిపిస్తుంది.

అమ్మానాన్నలు ఇక్కడ, పిల్లాడు అక్కడ

అలన్ తండ్రి జూలియస్ ట్యూరింగ్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఐసీఎస్ అధికారి. 1896లో ఇండియాకు వచ్చాడు. బళ్లారి, కర్నూలు, విశాఖపట్నం జిల్లాల్లో పనిచేశాడు. తల్లి సారా మన దక్షిణాదిలోనే, కోయంబత్తూరు దగ్గరి పోదనూరులో పుట్టింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు, తుంగభద్ర మీద రైలు వంతెన కట్టించినవాడు. చప్పుడు చేయని పంకా చక్రం ఒకటి కనిపెట్టి పేటెంటు కూడా తీసుకున్నాడు. మనవడికి ఇంజనీరింగ్ పిచ్చి ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలంటే ముందు ఆ తాతగారి దగ్గరికే పోవాలి.

1907లో పెళ్లయ్యాక ఆ దంపతులు పార్వతీపురం, అనంతపురం, బెజవాడ, చికాకోల్ అని అప్పట్లో పిలిచిన శ్రీకాకుళం, కర్నూలు అన్నీ తిరిగి 1911లో ఛత్రపురం చేరారు. ఈ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. తల్లి అక్కడే గర్భవతి అయింది. కాన్పుకు ఇంగ్లండు వెళ్లారు. 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు.

పిల్లలకు ఇక్కడి ఎండలు, జ్వరాలు పడవని అప్పటి తెల్ల అధికారుల భయం. అందుకే అలన్‌నూ, నాలుగేళ్లు పెద్దవాడైన అన్న జాన్‌నూ ఇంగ్లండు సముద్ర తీరంలోని ఒక పట్నంలో రిటైరైన కర్నల్ ఇంట్లో వదిలారు. అప్పటికి అలన్‌కు ఏడాదిన్నర కూడా నిండలేదు. తల్లి కొన్నాళ్లు వచ్చి ఉండేది, మళ్లీ ఓడ ఎక్కేది. తండ్రి సెలవు దొరికితేనే వచ్చేవాడు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడలో వెళ్లి జవాబు తిరిగి రావడానికి వారాలు పట్టేది. పదేళ్ల వయసులో అలన్ ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఒకటి తనే తయారు చేసుకున్న ఫౌంటెన్ పెన్నుతో రాసింది. అమ్మానాన్నలకు చూపించుకోవడానికి వాడి దగ్గర ఉన్న వస్తువు అదొక్కటే అనిపిస్తుంది.

మన దగ్గర దిశ తిరగబడింది, అంతే. ఇక్కడ పిల్లలు ఇంటి దగ్గర ఉంటారు, తండ్రి సముద్రం దాటి పోతాడు. కొందరి ఇళ్లలో తల్లి బీడీలు చుడుతూ, ఇంకొందరి ఇళ్లలో తాత సాంచెల మీద పనిచేస్తూ పిల్లల్ని పెంచుతారు. అవ్వ, తాత, చుట్టుపక్కల మనుషులు ఉంటారు కాబట్టి మన పిల్లలకు కొంత నయం. అయినా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం ఎవరు పెట్టాలన్నది మన బడుల్లో చాలా ఏళ్లుగా ఉన్న సమస్యే.

చేతిరాత బాగాలేని విద్యార్థి

1926లో పదమూడేళ్ల అలన్‌ను షెర్‌బోర్న్ అనే పాత బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. బడి మొదలయ్యే రోజున బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె. రైళ్లు లేవు. ఫ్రాన్స్ నుంచి ఓడలో సౌతాంప్టన్‌లో దిగిన పిల్లాడు సైకిలు తీసుకుని, దారిలో ఒక సత్రంలో రాత్రి పడుకుని, దాదాపు 97 కిలోమీటర్లు తొక్కుకుంటూ బడికి చేరాడు. 

బడికి అంత ఉత్సాహంగా వచ్చిన పిల్లాణ్ని చూసి బడి మాత్రం అంత సంతోషపడలేదు. చేతిరాత ఘోరం. నోటుబుక్కు నిండా సిరా మరకలు. లాటిన్, ఇంగ్లీషుల్లో కింది ర్యాంకు. లెక్కల్లో కూడా మధ్యలో మెట్లు వదిలేసి జవాబు రాసేవాడు. సైన్సు ఒక్కటే చదువుకునే పిల్లాడైతే ఈ బడిలో కాలం వృథా చేసుకుంటున్నట్టేనని హెడ్‌మాస్టరు తల్లిదండ్రులకు తెలియజేశాడు. ఆ నాటి ఆ బడి దృష్టిలో చదువంటే ప్రాచీన భాషలు, మర్యాదలు, క్రికెట్టు.

ఇదే పిల్లాడు పదిహేనేళ్ల వయసులో, కాలిక్యులస్ ఎవరూ నేర్పకుండానే, విలోమ టాంజెంటుకు అనంత శ్రేణిని సొంతంగా రాబట్టాడు. అది చూసిన లెక్కల సారు, వీడు మామూలు పిల్లాడు కాదని గుర్తించాడు. పదహారో ఏట ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చదివి, తల్లికి అర్థమయ్యేలా నోట్సు రాసి ఇచ్చాడు. తర్వాత వచ్చిన ఎపర్సన్ అనే యువ లెక్కల సారు ఒక మంచి పని చేశాడు. పెద్దగా సరిదిద్దబోకుండా, పిల్లాణ్ని తన దారిన పోనిచ్చాడు. ఉపాధ్యాయుడు చేయగలిగిన మేలు ఒక్కోసారి అంతే ఉంటుంది. దాని విలువ ముప్పై ఏళ్ల తర్వాత తెలుస్తుంది.

బడిలో అలన్‌కు ఒకే ఒక్క ప్రాణ స్నేహితుడు, క్రిస్టఫర్ మార్కమ్. ఒక ఏడాది సీనియర్. సైన్సులో దిట్ట, పని పొందికగా చేసేవాడు. అతన్ని చూసే అలన్ కూడా కొంత శుభ్రంగా రాయడం నేర్చుకున్నాడు. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ హఠాత్తుగా చనిపోయాడు. చిన్నప్పుడు ఆవుపాల ద్వారా సోకిన క్షయ కారణం. ఆ స్నేహితుడు చేయాల్సిన పనులు ఇక తనే చేయాలన్న భారం అలన్ మీద పడింది. క్రిస్టఫర్ పేరు మీద తల్లిదండ్రులు బడిలో సైన్సు బహుమతి పెట్టారు. దాన్ని అందుకున్నది అలనే.

కేంబ్రిడ్జి నుంచి బ్లెచ్లీకి

1931లో కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో చేరాడు. ఇరవై రెండేళ్లకే ఫెలో అయ్యాడు. 1936లో రాసిన పరిశోధన పత్రంలో, కాగితపు టేపు మీద గుర్తులు చదువుతూ రాస్తూ పోయే ఒక ఊహా యంత్రాన్ని వర్ణించాడు. ఏ లెక్కనైనా చేయగల ఒకే యంత్రం సాధ్యమనీ, ఎంత గొప్ప యంత్రమైనా తేల్చలేని ప్రశ్నలు ఉంటాయనీ అందులో నిరూపించాడు. ఈ రోజు మన జేబులో ఉన్న ఫోను ఆ ఊహకు మనవరాలు. తర్వాత రెండేళ్లు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చదివి డాక్టరేటు తీసుకున్నాడు. అక్కడే సంకేత శాస్త్రం మీద మక్కువ పెరిగి, అంకెలను గుణించే చిన్న యంత్రాన్ని రిలేలతో తయారు చేయడం మొదలుపెట్టాడు.

1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. మర్నాడే ట్యూరింగ్ బ్లెచ్లీ పార్క్‌లో హాజరయ్యాడు. అక్కడి సంస్థ పేరుకు సంకేతాల పాఠశాల. నిజానికి విదేశాంగ శాఖ కింద పనిచేసే విభాగం. బ్రిటన్ ప్రభుత్వ సంకేతాలు భద్రంగా ఉన్నాయో లేదో చూడటం, ఇతర దేశాల సంకేతాలు ఛేదించడం దాని రెండు పనులు. పోలండు గణితవేత్తలు అప్పటికే ఎనిగ్మాపై సాధించిన విజ్ఞానం మీద ఆధారపడి ట్యూరింగ్ బాంబ్ అనే యంత్రాన్ని రూపొందించాడు. గోర్డన్ వెల్చ్‌మన్ దాన్ని మెరుగుపరిచాడు. మొదటిది 1940 మార్చిలో వచ్చింది. జర్మన్ జలాంతర్గాముల సందేశాలు చదివే విభాగాన్ని ట్యూరింగే నడిపించాడు. 1941 అక్టోబరులో సిబ్బంది చాలడం లేదని ఆయన, మరో ముగ్గురు నేరుగా ప్రధాని చర్చిల్‌కు ఉత్తరం రాశారు. వాళ్లు అడిగినదంతా వెంటనే ఇవ్వాలని చర్చిల్ ఆదేశించాడు. ఆఫీసు ఫైళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఇందులోని వింత అర్థమవుతుంది.

రాయబార కార్యాలయం మాట ఎలా పోతుంది

ఇక్కడ కొంచెం ఆగి, మన పిల్లల కోసం ఒక సంగతి చెప్పాలి. మన ప్రాంతంలో ఎంబసీ అన్న మాట తెలియని ఇల్లు తక్కువ. ఔట్‌పాస్ కావాలన్నా, దవాఖానలో పడి ఉన్న మనిషి సంగతి తెలియాలన్నా, చనిపోయినవాడి శవపేటిక ఇంటికి రావాలన్నా ఎంబసీ కాగితం కావాలి. ఆ కార్యాలయానికీ ఇక్కడి ప్రభుత్వానికీ మధ్య రోజూ సమాచారం నడవాలి. అందులో కొన్ని మాటలు బయటివాళ్లకు తెలియకూడదు. కానీ ఆ మాట పోవాల్సిన దారి పరాయి దేశపు తంతి గుండా, అందరూ వినగలిగే గాలి గుండా పోతుంది.

ఇప్పటి అంతర్జాతీయ చట్టమైన 1961 నాటి వియన్నా ఒప్పందం 27వ అధికరణం ప్రకారం రాయబార కార్యాలయం తన ప్రభుత్వంతో సంకేత భాషలో మాట్లాడుకోవచ్చు. రేడియో ట్రాన్స్‌మిటర్ పెట్టుకోవాలంటే మాత్రం ఆ దేశం అనుమతి కావాలి. దారి పరాయిది కాబట్టి భద్రత సంకేతంలోనే ఉండాలి.

సంకేతం ఎలా పనిచేస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్పొచ్చు. పంపాల్సిన అంకె 7 అనుకోండి. ఇద్దరి దగ్గరే ఉన్న రహస్య పుస్తకంలో ఆ వరుసలో 8 ఉంది. రెండూ కూడితే 15. పదుల స్థానం వదిలేసి 5 మాత్రం పంపుతారు. మధ్యలో విన్నవాడికి 5 దొరుకుతుంది, కానీ అసలు అంకె పదింటిలో ఏదైనా కావచ్చు. అందుకున్నవాడు 5కు పది కలిపి 15 చేసి, అందులోంచి 8 తీసేస్తే 7 వస్తుంది. రహస్య అంకెలు ఏ క్రమమూ లేకుండా ఉండి, ఒక్కసారే వాడి చింపేస్తే ఆ సంకేతాన్ని ఎవరూ ఛేదించలేరు. అక్షరాలకు ఇది సులువే. మనిషి గొంతుకు ఎలా చేయాలి? అదే అప్పటి ప్రశ్న.

1990లలో మన బస్టాండ్ల పక్కన ఉండే ఎస్టీడీ, ఐఎస్డీ బూతులు గుర్తు తెచ్చుకోండి. అద్దాల తలుపు మూసుకుని గల్ఫ్‌కు మాట్లాడినా లోపలి ఏడుపూ, అప్పుల లెక్కా బయట వరుసలో నిలబడ్డవాళ్లందరికీ వినపడేది. యుద్ధకాలంలో లండన్, వాషింగ్టన్ నాయకుల పరిస్థితీ కొంచెం అలాంటిదే. అట్లాంటిక్ మీదుగా రేడియో టెలిఫోన్‌లో మాట్లాడేటప్పుడు గొంతును ముక్కలు చేసి తారుమారు చేసే పరికరం ఒకటి ఉండేది. జర్మన్ పోస్టల్ శాఖ ఇంజనీర్లు హాలండ్ తీరంలో కూర్చుని దాన్ని విడగొట్టి విన్నారు. చర్చిల్, రూజ్‌వెల్ట్‌ల మాటలు కూడా వాళ్ల చెవిన పడ్డాయి.

యాభై టన్నుల టెలిఫోను

దీనికి అమెరికన్లు వేసిన మందు సిగ్‌సాలీ అనే వ్యవస్థ. న్యూయార్క్‌లోని బెల్ ల్యాబ్స్‌లో తయారైంది. గొంతును సెకనుకు 50 సార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా మార్చి, గ్రామఫోన్ రికార్డు మీద ముద్రించిన రహస్య అంకెలను వాటికి కూడి పంపేవారు. రికార్డుకు రెండే ప్రతులు, ఇటొకటి, అటొకటి. రెండూ ఒకే క్షణంలో, ఒకే వేగంతో తిరగాలి. వాడాక నాశనం చేయాలి. ఒక్కో కేంద్రంలో యంత్రం బరువు 50 టన్నుల పైమాటే. 1943 జూలైలో వాషింగ్టన్, లండన్‌ల మధ్య ఇది మొదలైంది. లండన్‌లో దాన్ని ఒక పెద్ద బట్టల దుకాణం నేలమాళిగలో పెట్టారు.

ఈ వ్యవస్థను నమ్మొచ్చా అన్నది బ్రిటన్ తరఫున పరిశీలించే బాధ్యత ట్యూరింగ్‌కు అప్పగించారు. 1942 నవంబరులో ఆయన ఓడలో అమెరికా వెళ్లాడు. మిత్రదేశమైనా అమెరికన్ సైన్యం మొదట లోపలికి రానివ్వడానికి ఒప్పుకోలేదు. పైస్థాయిలో బేరాలు జరిగాక జనవరిలో అనుమతి దొరికింది. బెల్ ల్యాబ్స్‌లో ఉన్న రెండు నెలల్లో టీ వేళల్లో క్లాడ్ షానన్‌తో పరిచయం అయింది. సమాచార శాస్త్రానికి తండ్రి లాంటి ఆ మనిషీ, కంప్యూటర్ శాస్త్రానికి తండ్రి లాంటి ఈ మనిషీ ఒకే భవనంలో గొంతుకు తాళం వేసే పని మీదే ఉన్నారు. కానీ రహస్యం అవడం వల్ల ఆ పని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకోలేరు. యంత్రాలు ఆలోచిస్తాయా అన్న విషయం మాట్లాడుకున్నారు.

1943 మార్చిలో తిరిగి వస్తున్నప్పుడు ట్యూరింగ్ మనసులో ఉన్న ఆలోచన ఒక్కటే. ఒక గది నిండా ఉన్న ఈ పనిని ఒక పెట్టెలో పెట్టలేమా?

హ్యాన్‌స్లోప్‌లో డెలైలా

బ్లెచ్లీకి ఉత్తరాన కొద్ది దూరంలో హ్యాన్‌స్లోప్ పార్క్ అనే పాత జమీందారీ భవనం ఉంది. యుద్ధంలో అది రహస్య రేడియో కేంద్రం. ట్యూరింగ్ తన పరికరం పని అక్కడ మొదలుపెట్టాడు. మొదట్లో బ్లెచ్లీ నుంచి వచ్చి పోయేవాడు. తర్వాత అక్కడికే మారిపోయాడు. 1944లో డొనాల్డ్ బేలీ అనే యువ ఇంజనీరును సహాయంగా ఇచ్చారు. బేలీ పద్ధతి గల మనిషి. ట్యూరింగ్ సోల్డరింగ్ చేసిన సర్క్యూట్ పిచ్చుక గూడులా ఉండేది. షెర్‌బోర్న్ సార్లు నోటుబుక్కు చూసి తల పట్టుకున్నట్టే బేలీ ఆ తీగలు చూసి తల పట్టుకున్నాడు. అయితే ఈసారి ఎవరూ ఎవరికీ ఫెయిల్ మార్కులు వేయలేదు. బేలీ తీగలు శుభ్రంగా వేయడం నేర్పాడు, ట్యూరింగ్ ఇంజనీర్లకు సాయంత్రాలు ఉన్నత గణితం పాఠాలు చెప్పాడు. పని ముందుకు కదిలింది.

ఆ పరికరానికి డెలైలా అని పేరు పెట్టారు. మగాళ్లను మోసగించిన బైబిలు స్త్రీ పేరు అది. ట్యూరింగ్ సంకల్పం గొప్పది. గొంతు అలను సెకనుకు 4000 సార్లు కొలవడం, ప్రతి కొలతకూ ఒక రహస్య విలువను కూడటం, హద్దు దాటితే మనం పైన చేసిన లెక్కలో పదులు వదిలేసినట్టు వదిలేయడం. రహస్య విలువల కోసం గ్రామఫోన్ రికార్డులు మోయాల్సిన పని లేదు. తిరిగే చక్రాలు, వాల్వు సర్క్యూట్లు కలిసి వాటిని అక్కడికక్కడే పుట్టిస్తాయి. అవతలి డెలైలా కూడా అదే వరుసను అదే క్షణంలో పుట్టించి, వాటిని తీసేసి గొంతు వినిపిస్తుంది. విద్యుత్ సరఫరా పెట్టెతో సహా మొత్తం బరువు సుమారు 39 కిలోలు.  50 టన్నుల పక్కన పెట్టి చూడండి.

1945 నాటికి డెలైలా పనిచేసింది. చర్చిల్ ప్రసంగం రికార్డును ఒక వైపు పెడితే, మధ్యలో తీగ మీద వట్టి హోరు వినపడింది, చివర మళ్లీ చర్చిల్ గొంతు వచ్చింది. గొంతులో గరగర ఉంది, అయినా మాట అర్థమవుతోంది. కానీ మే నెలలో జర్మనీ లొంగిపోయింది. తొందర పోయింది. షార్ట్‌వేవ్ రేడియో మీద రెండు చివరల మధ్య కాలం క్షణంలో చిన్న భాగం కూడా తప్పకుండా కలవాలి. సముద్రాల మీదుగా వచ్చే సంకేతం హెచ్చుతగ్గులకు అది ఇంకా తట్టుకోలేదు. ప్రభుత్వం దాన్ని వాడకానికి తీసుకోలేదు.

హ్యాన్‌స్లోప్ మాత్రం ఖాళీ కాలేదు. యుద్ధం అయ్యాక విదేశాంగ శాఖ రాయబార వైర్‌లెస్ సర్వీసుకు అదే కేంద్రమైంది. ప్రపంచంలోని బ్రిటిష్ రాయబార కార్యాలయాలకు రేడియో సందేశాలు పంపే వ్యవస్థ అక్కడి నుంచి నడిచింది. అందులో ఎక్కువకాలం నడిచింది టైప్ చేసిన సందేశాలే. రాకెక్స్ అనే యంత్రం పంచ్ టేపు మీది రహస్య అక్షరాలను కూడి వాటిని పంపేది. గొంతుకు తాళం వేసే పని ఇంకా చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆగింది కానీ పోలేదు. గొంతును కొలతలుగా కోయడం, అంకెలుగా పంపడం తర్వాత ప్రపంచ టెలిఫోన్ వ్యవస్థకే పునాది అయింది. 1980లలో మన ఊళ్లకు డిజిటల్ ఎక్స్ఛేంజీలు వచ్చినప్పుడు అవి గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచాయి. ఈ రోజు మొబైల్ ఫోను ఆ అంకెలకు రహస్య అంకెలు కలిపి టవర్‌కు పంపుతోంది. కోరుట్లలో ఒక తల్లి కువైట్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడితే మధ్యలో ఎవరికీ వినపడదు. డెలైలా వారసులే ఆ కాపలా కాస్తున్నాయి.

దేశం తన మనిషిని ఎలా చూసింది

1945 అక్టోబరులో ట్యూరింగ్ నేషనల్ ఫిజికల్ లేబరేటరీకి మారి కంప్యూటర్ రూపకల్పన చేశాడు. 1946లో ప్రభుత్వం ఓబీఈ బిరుదు ఇచ్చింది. దేనికి ఇచ్చారో చెప్పడానికి వీల్లేదు. పరుగులో ఆయన మామూలువాడు కాదు. 1947లో మారథాన్‌ను 2 గంటల 46 నిమిషాల 3 సెకన్లలో పూర్తి చేశాడు. మరుసటి ఏడాది ఒలింపిక్ విజేత సమయానికి సుమారు పదకొండు నిమిషాలే ఎక్కువ. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 1950లో యంత్రాల ఆలోచన గురించి, 1952లో చిరుత మీది మచ్చల్లాంటివి రసాయనాల వల్ల ఎలా ఏర్పడతాయన్న దాని గురించి రాసిన పత్రాలు ఈ రోజుకీ చదువుతున్నారు. 1951లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు.

1952 జనవరిలో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. విచారణలో ఆయనకు ఒక యువకుడితో సంబంధం ఉందని బయటపడింది. దొంగ సంగతి పక్కకు పోయి ఫిర్యాదుదారే ముద్దాయి అయ్యాడు. పురుషుల మధ్య ప్రేమ అప్పటి బ్రిటిష్ చట్టంలో నేరం. మార్చి 31న శిక్ష పడింది. జైలుకు బదులు ఏడాది పాటు హార్మోన్ మందులకు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ మందులు శరీరాన్ని మార్చేశాయి. రహస్య విభాగంలో సలహాదారుగా ఉన్న పని కూడా పోయింది. అంతకు ముందు ఏడాదే ఇద్దరు బ్రిటిష్ దౌత్యాధికారులు సోవియట్ పక్షానికి పారిపోయారు. అందులో ఒకరి వ్యక్తిగత జీవితం కూడా ఇలాంటిదే కావడంతో అలాంటి వాళ్లందరి మీదా అనుమానం పెరిగింది. దేశం రహస్యాలను ఒక్కటి కూడా బయట పెట్టని మనిషిని, రహస్యాలు దాచలేడన్న అనుమానంతో పక్కన పెట్టారు.

1954 జూన్ 7న, నలభై రెండో పుట్టినరోజుకు పదహారు రోజుల ముందు, ఇంట్లో సైనైడ్ వల్ల చనిపోయాడు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. రసాయన ప్రయోగంలో జరిగిన ప్రమాదమని తల్లి చివరిదాకా నమ్మింది. 1959లో ఆమె కొడుకు జీవిత చరిత్ర రాసింది. యుద్ధంలో కొడుకు చేసిన పని గురించి ఆ పుస్తకంలో రాసే వీలు ఆమెకు లేకపోయింది. బ్లెచ్లీ రహస్యం 1974లో గాని లోకానికి సరిగా తెలియలేదు. 2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పాడు. 2013లో రాణి క్షమాభిక్ష ఇచ్చింది. 2021లో యాభై పౌండ్ల నోటు మీద ఆయన బొమ్మ వచ్చింది. డెలైలా గురించి బేలీ దాచిపెట్టిన కాగితాలు 2023లో లండన్‌లో వేలానికి వచ్చాయి.

బ్రిటిష్ వాళ్లు మన దేశంలో పెట్టి వెళ్లిన అలాంటి చట్టం మన దగ్గర 2018 సెప్టెంబరు 6 దాకా ఉండింది. ఆ రోజు సుప్రీంకోర్టు ఇష్టపూర్వక సంబంధాలను దాని పరిధి నుంచి తీసేసింది.

మన బడికి ఈ కథ ఎందుకు

అలన్ ట్యూరింగ్ తేల్చిన లెక్కలు మనందరం చేయలేం. ఆయన కథలో బడి వాటా మాత్రం మన చేతిలో ఉన్నదే. ఆ పిల్లాడికి అమ్మానాన్నలు దూరం. చేతిరాత బాగాలేదు. స్నేహితులు తక్కువ. హెడ్‌మాస్టరుకు సమస్యగా కనిపించాడు. అయినా ఒక సారు వాడి విలోమ టాంజెంటు కాగితాన్ని చెత్తబుట్టలో వేయలేదు. ఇంకో సారు వాణ్ని తన దారిన పోనిచ్చాడు. ఒక స్నేహితుడు వాడితో కలిసి చదివాడు. అంతకన్నా పెద్ద సాయం ఏమీ జరగలేదు, కానీ అది చాలింది.

మన దగ్గర కూడా వెనుక బెంచీలో కూర్చుని, ఎవరితో కలవకుండా, నోటుబుక్కు చివరి పేజీలో ఏదో గీసుకునే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. తండ్రి గల్ఫ్‌లో, ఇంట్లో సంగతి చెప్పడానికి ఇష్టపడరు. కొందరు మిగతావాళ్లలా లేకపోవడం వల్లే మౌనంగా ఉంటారు. సంకేతానికి తాళంచెవి కావాలి, పిల్లలకు కొంచెం ఓపిక కావాలి. ఆ ఓపిక చూపించిన మన గురువులకు ఈ స్వర్ణోత్సవ వేళ నమస్కారాలు. ఇప్పుడు బడిలో పాఠాలు చెబుతున్న వారికి ఒక మనవి. మార్కుల జాబితాలో చివరి పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఆ నోటుబుక్కు చివరి పేజీ కూడా ఒకసారి తిప్పి చూడండి.

1986 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, టెలికాం ఇంజనీరు